సినిమాకు లింక్ డాక్యుమెంట్లు

పాత తెలుగు సినిమా నెగటివ్ హక్కుల కాగితం ఒకటి తీసుకుని, సినిమా పేరున్న చోట వేలు అడ్డం పెట్టి చదవండి. పొలం అమ్మకం దస్తావేజు చదువుతున్నట్టే ఉంటుంది. అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా సంక్రమించిందో ముందు చెబుతుంది. దాని మీద తాకట్టు గానీ కోర్టు జప్తు గానీ లేదన్న హామీ ఆ వెంటనే వస్తుంది. రేపు ఎవరైనా పేచీ పెడితే నష్టం అమ్మినవారే భరించాలన్న షరతు తర్వాత వస్తుంది. చివర షెడ్యూలు: పొలానికైతే సర్వే నంబరు, నాలుగు హద్దులు, సినిమాకైతే నటీనటుల పేర్లు, సెన్సార్ సర్టిఫికెట్ వివరాలు. కొనేవారి తరఫు వకీలు మొదట అడిగేది కూడా లింక్ డాక్యుమెంట్లే. అనుమానం తీరకపోతే, అభ్యంతరాలున్నవారు ఇన్ని రోజుల్లో తెలపాలంటూ పేపర్లో పబ్లిక్ నోటీసు వేయిస్తాడు. ఇక హక్కు ఎన్నేళ్లకు అని చూస్తే, దక్షిణాది కాగితాల్లో తరచుగా కనిపించే అంకె 99. మన చట్టంలో సినిమాకు కాపీరైట్ ఉండేది 60 ఏళ్లు. అరవై ఏళ్లు బతికేదాన్ని తొంభైతొమ్మిదేళ్లకు రాయించుకోవడం చట్టం చదవక జరిగిన పొరపాటని అనుకోను. లీజు కాగితాలకు అలవాటుపడిన చేయి తనంత తానుగా రాసుకుపోయిన అంకె అది.

ఎంటర్‌టైన్‌మెంట్ లాయర్ అన్న పేరు మన దగ్గర వినిపించడం మొదలై ఎక్కువ కాలం కాలేదు. లా యూనివర్సిటీలు వచ్చి (హైదరాబాద్‌లో నల్సార్ 1998లో పెట్టారు), నిర్మాణ సంస్థలు కంపెనీలై, ఓటీటీలు దిగాక పుట్టిన కొలువని చాలామంది లెక్క. బోర్డు మీది పేరు వరకు ఆ లెక్క సరైనదే. పని మాత్రం పాతది, మద్రాసుది. దాన్ని మొదలుపెట్టినవాడు నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించినవాడు కాడనీ, బల్ల దగ్గర కూర్చుని అమ్మకం కాగితం రాసినవాడనీ ఈ వ్యాసం వాదన. అతను సినిమాను భూమిగా చూశాడు. డబ్బు పెట్టినవాడు మొత్తం కొంటాడు, కలకాలానికీ కొంటాడు అన్న నమ్మకం ఆ చూపుతోనే వచ్చింది. 1957 తర్వాత మన కాపీరైట్ చట్టానికి జరిగిన సవరణల్లో ముఖ్యమైనవి కొన్ని ఆ నమ్మకానికి కట్టిన అడ్డుకట్టలు.

మొదట్లో వకీలుతో పనే పడలేదు. 1932 ఫిబ్రవరిలో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం సురభి వారు ఊరూరా ఆడుతూ వచ్చిన నాటకం; రాసింది ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన బళ్లారిలో వకీలు కావడం చిత్రమైన సంగతే గానీ, తెలుగు టాకీ వ్యాపారానికి వకీళ్లు దాంతో రాలేదు. పురాణ కథ ఎవరి సొత్తూ కాదు. పద్యం అప్పటికే జనం నోట్లో ఉంది. నవలల విషయంలో చట్టమే తలుపు తెరిచి పెట్టింది. 1914 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం, ఇక్కడ మొదట అచ్చయిన పుస్తకాన్ని అనువదించే ప్రత్యేక హక్కు రచయితకు పదేళ్లే. ఆలోగా ఆయన గానీ ఆయన అనుమతి పొందినవారు గానీ ఆ భాషలో అనువాదం తేకపోతే, ఆ భాషలోకి ఎవరైనా అనువదించుకోవచ్చు. 1917లో వచ్చిన శరత్ ‘దేవదాసు’కు ఆ గడువు 1927తో తీరిపోయింది. బెంగాలీ నవల తెలుగింట్లో అంత సులువుగా చుట్టమైపోవడానికి శరత్ ప్రతిభ, చక్రపాణి వంటి అనువాదకుల చేతి చలవ ఎంత కారణమో, ఈ పదేళ్ల నిబంధన కూడా అంత కారణం. మన సాహిత్య చరిత్రలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

కాగితం అవసరం రచయితతో రాలేదు, ఫైనాన్షియర్‌తో వచ్చింది. సినిమా తీయడానికి అప్పిచ్చినవాడికి తాకట్టుగా ఏదో ఒక వస్తువు కావాలి. నిర్మాత దగ్గరున్న వస్తువు నెగటివ్. అది ల్యాబ్‌లో ఉంటుంది. ఫలానావారి బాకీ తీరందే ప్రింట్లు బయటికి వెళ్లవని ల్యాబ్ రాసిచ్చే ఉత్తరం, అదే ల్యాబ్ లెటర్, ఈ వ్యాపారంలో పట్టాదారు పాసుపుస్తకంలా చెలామణి అయింది. రెండో కాగితం డిస్ట్రిబ్యూటర్ది. ఆ కాగితంలో సినిమాను ఏరియాలుగా కోసేవారు. ఆ కోతలో చరిత్ర ఎలా గడ్డకట్టిందో చూడండి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలను ఇంగ్లీషువాళ్లు సీడెడ్ అన్నారు, మనవాళ్లు దత్తమండలాలు అన్నారు. ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నారు. నిజాం రాజ్యం 1948లో పోయింది. అయినా ఇవాళ్టి సినిమా అగ్రిమెంటులో ‘నైజాం’, ‘సీడెడ్’ అన్న మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందటి భూమి పంపకం పేర్లు వేరే ఏ వ్యాపారంలోనూ ఇంత సహజంగా బతికిలేవు. సినిమాను భూమిగా చూశారన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇది ఇలాగే జరగాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. మన 1914 చట్టం వచ్చింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. అదే నెలలో న్యూయార్క్‌లో పాటల రచయితలూ సంగీతకర్తలూ కలిసి ఆస్కాప్ అనే సంఘం పెట్టుకున్నారు. దానికి అండగా నిలబడిన వకీలు నేథన్ బర్కన్, రొమేనియా నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు. హోటల్లో వాయించే పాటకు విడిగా టికెట్ లేకపోయినా, ఆ పాట లాభం కోసం వాయించినట్టేనని 1917లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. గెలిచింది బర్కన్ కక్షిదారు, స్వరకర్త విక్టర్ హెర్బర్ట్. బర్కన్ తర్వాత సినిమా యజమానులకూ, చాప్లిన్‌కూ పనిచేశాడు; పుణ్యాత్ముడని చెప్పడం లేదు. కానీ అక్కడ ఈ వృత్తి తొలి అడుగుల్లోనే పాట కట్టినవాడి పక్కన ఒక వకీలు నిలబడ్డాడు. మన దేశంలో అలాంటి సంఘం ఐపీఆర్ఎస్ రూపంలో 1969లో గానీ రాలేదు. ఆ 55 ఏళ్ల తేడాలో మద్రాసు కాగితాలన్నీ బల్లకు ఒకే వైపు కూర్చుని రాసినవి.

1957 చట్టం, అది అమల్లోకి వచ్చిన 1958 జనవరి నుంచి, సినిమాను తనంత తానుగా ఒక కృతిగా గుర్తించింది. అంతకుముందు చట్టం కంటికి సినిమా అంటే ఫొటోల వరస, లేదా నాటకం వంటిది. నిర్మాతకు ఇది పట్టా చేతికొచ్చినట్టు. మరి ఆ సినిమాలోని పాట ఎవరిది? ఐపీఆర్ఎస్ హాళ్లలో, రేడియోలో పాటలకు రుసుం అడిగితే నిర్మాతల సంఘాలు ఎదురుతిరిగాయి. కాపీరైట్ బోర్డు, కలకత్తా హైకోర్టు దాటి ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1977 మార్చిలో తీర్పు: నిర్మాత డబ్బిచ్చి రాయించుకుంటే, కట్టించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు పాటకు మొదటి యజమాని నిర్మాతే. ఆ తీర్పు చివర జస్టిస్ కృష్ణయ్యర్ చేర్చిన మాటలు తీర్పుకన్నా ఎక్కువ కాలం నిలిచాయి. భారతీయ సంగీతానికి ప్రాణమైన గాయకుడికి చట్టంలో హక్కే లేదని ఆయన ఎత్తిచూపారు, పార్లమెంటు చూసుకోవాలన్నారు. చట్టంలో సంగీత కృతి నిర్వచనం ఇంకా విడ్డూరం. స్వరాన్ని కాగితం మీద రాస్తేనో అచ్చువేస్తేనో తప్ప అది కృతి కాదు. ఇంగ్లండులో షీట్ మ్యూజిక్ అమ్ముకునేవాళ్ల కోసం తయారైన మాటలు అవి. హార్మోనియం మీద వేళ్లాడిస్తూ, పాడేవారికి చెవిలో వేసి నేర్పి బాణీ కట్టే మన సంగీత దర్శకుడి పని, ఆ అక్షరాల ప్రకారం చూస్తే, సంగీత కృతి లెక్కలోకే రాదు. ఈ నిర్వచనం మార్చడానికీ, గాయకులకు హక్కు ఇవ్వడానికీ 1994 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఘంటసాల అప్పటికి చనిపోయి 20 ఏళ్లు.

భూమి పోలిక ఎక్కడ బెసుకుతుందో కోర్టులకు ముందే తెలిసివచ్చింది. పొలానికి గట్టు ఉంటుంది. కథకు ఎక్కడ? ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత ‘హమ్ హిందుస్తానీ’ని 1954లో ఢిల్లీలో ఆడించాడు. 1956లో ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది. రెండింట్లోనూ వేరు వేరు రాష్ట్రాలవాళ్ల మధ్య ప్రేమ, పెద్దల అడ్డు. ఆనంద్ కేసు వేసి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయాడు. ఇతివృత్తం ఎవరి సొంతమూ కాదు, దాన్ని చెప్పిన తీరే సొంతం అని కోర్టు చెప్పింది. మన మాటల్లో చెప్పాలంటే ఇతివృత్తం ఊరుమ్మడి పోరంబోకు, అందులో కట్టుకున్న ఇల్లే పట్టా. జస్టిస్ పాఠక్ మాత్రం తీర్పుతో ఏకీభవిస్తూనే, విచారణ తనే మొదటినుంచి చేసి ఉంటే వేరే అభిప్రాయానికి వచ్చేవాడినేమోనని మనసులో మాట రాశారు. కథ దొంగిలించారని ఇవాళ ఎవరైనా వకీలు దగ్గరికి వస్తే, ఆయన ముందు చెప్పేది ఈ కేసు గురించే. ఆ తర్వాత ఫీజు గురించి. దేశ సరిహద్దు సంగతీ అంతే. సింగపూర్ నుంచి నేపాల్‌కు వెళ్తూ కలకత్తా రేవులో దిగిన క్యాసెట్లు దొంగ రికార్డింగులని గ్రామఫోన్ కంపెనీ పేచీ పెడితే, దారిలో ఉన్న సరుకు దిగుమతి కిందకి రాదన్నారు అవతలివారు. దేశంలోకి తేవడమంటే తేవడమే, అమ్మకానికి తేనక్కర్లేదని 1984లో తేల్చిన తీర్పు జస్టిస్ చిన్నపరెడ్డిది. ఆయన అనంతపురం జిల్లావాడు. సీడెడ్ మనిషికి హద్దుల సంగతి ఒకరు చెప్పాలా!

ఇక్కడ తెలుగు సినిమావారు ఒక అభ్యంతరం లేవదీస్తారు. మన పరిశ్రమ మాట మీద నడిచింది, పేచీ వస్తే ఫిలిం ఛాంబర్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి తేల్చారు, దాసరి నారాయణరావు వంటివారి గుమ్మంలోనే ఎన్నో గొడవలు చల్లారాయి, ఇందులో వకీలు ఎక్కడున్నాడు అని. ఇందులో నిజం ఉంది. టైటిల్ రిజిస్ట్రేషన్ అనే కట్టుబాటు మొత్తం ఛాంబర్ పుస్తకం మీదే నిలిచింది. సినిమా పేరుకు కాపీరైట్ ఉండదు. అయితే పంచాయతీ పని, ఇద్దరు మనుషులూ అదే ఊళ్లో, అదే వ్యాపారంలో రేపు కూడా ఉంటారన్న ధీమా మీద నడుస్తుంది. నిర్మాత చనిపోయి, వారసులు వేరే దేశంలో ఉండి, కొనేవాడు ముంబైలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నప్పుడు ఆ ధీమాకు విలువ లేదు. పైగా మాట మీద నడిచింది ఎవరి మధ్య అన్నది చూడాలి. నిర్మాతకూ పాటల రచయితకూ మధ్య మాట చాలింది. ఫైనాన్షియర్‌కూ నిర్మాతకూ మధ్య ల్యాబ్ లెటర్ తప్పలేదు. కాగితం ఎప్పుడూ డబ్బు ఎటు పోతే అటే నడిచింది.

భూమికీ సినిమాకూ అసలు తేడా 1990ల్లో బయటపడింది. భూమి పుట్టదు, సినిమా హక్కు కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పుడుతుంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చేసరికి, పనైపోయిందనుకున్న పాత నెగటివ్ హక్కులకు శాటిలైట్ ధర పలికింది. పాత కాగితాల్లో ఆ మాట లేదు. ‘టెలివిజన్’ అని ఉన్నచోట అది దూరదర్శనా, ఆకాశంలోని ఉపగ్రహమా అన్న తగవులు కోర్టుకెక్కాయి. వకీళ్లు దాన్నుంచి నేర్చుకున్నది తమ కక్షిదారుకు పనికొచ్చే పాఠమే: ఇప్పుడున్నవీ, ఇకముందు కనిపెట్టబోయేవీ అయిన సమస్త మాధ్యమాల్లో అని రాయించడం. పుట్టని బిడ్డను కూడా అమ్మకంలో చేర్చేసిన వాక్యం అది. చట్టం దాని వెంటపడింది. కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని 1994 సవరణ అంటే, వకీళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని చేర్చారు. కొన్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే తిరిగిపోతుందని కాపీరైట్ చట్టం సెక్షన్ 19(4) అంటే, ఆ సబ్‌సెక్షన్ ఈ ఒప్పందానికి వర్తించదని ఇంకో వాక్యం చేర్చారు. చట్టమే అందుకు చోటిచ్చింది. చివరికి 2012 సవరణ ఎవరూ దాటవేయలేని రెండు గీతలు గీసింది. ఒప్పందం నాటికి లేని, వాడుకలోకి రాని మాధ్యమాన్ని పేరుపెట్టి చెప్పనిదే అమ్మినట్టు కాదు. పాట రాసినవారూ కట్టినవారూ తమ రాయల్టీ సగాన్ని వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఎవరికీ రాసివ్వలేరు, వదులుకోనూ లేరు. మొదటి గీతకు జవాబుగా ఇవాళ్టి అగ్రిమెంట్లలో మాధ్యమాల జాబితా పేజీలకు పేజీలు పెరిగింది. రెండో గీతకు ఇంకా సరైన జవాబు దొరకలేదు.

నిర్మాతల వైపు నుంచి వచ్చే గట్టి వాదన ఇది: సినిమా ఆడకపోతే ఇల్లు అమ్ముకునేది నిర్మాత; పాట రాసినవాడి చెక్కు ఎలాగూ ముందే చెల్లింది; నష్టంలో లేనివాడికి లాభంలో వాటా ఏ న్యాయం? తెలుగు నిర్మాతల జీవితాలు తెలిసినవారెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో చట్టం సరిగ్గా అంతవరకే గౌరవించింది. 2012 నిబంధన చదివితే, హాల్లో సినిమాతో పాటు పాట వినిపించినందుకు రాయల్టీ వాటా అడిగే వీల్లేదు. నిర్మాత పందెం కాసింది హాలు మీద, కనుక హాలు ఆయనకు వదిలారు. రింగ్‌టోన్ మీద, ఓటీటీ మీద, పెళ్లి హాల్లో వాయించే బ్యాండు మీద 1962 నాటి నిర్మాత ఏ పందెమూ కాయలేదు. కాయని పందేనికి గెలుపు మొత్తం ఆయనదే అనడం భూమి తర్కం: నేల కొన్నవాడిదే కింద దొరికిన లంకెబిందె. నిజానికి మన చట్టం లంకెబిందెల విషయంలోనూ దొరికినవాడికి, ప్రభుత్వానికి వేరే లెక్కలు పెట్టింది.

పాట కట్టినవాడి వైపు వకీలు కూర్చోవడం మనకు ఎంత కొత్తో 2017 మార్చిలో తెలిసింది. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దంటూ ఇళయరాజా తరఫు నోటీసు అందింది. బాలు పాడిన పాట బాలు పాడకూడదా అని తెలుగువారు నొచ్చుకున్నారు. స్నేహం లెక్కన ఆ నొప్పి న్యాయమే. చట్టం లెక్కన గొంతు వేరు, బాణీ వేరు, సాహిత్యం వేరు. వేదిక మీద పాడించే హక్కు బాణీకీ సాహిత్యానికీ చెందింది. అదే ఏడాది నవంబరులో ఐపీఆర్ఎస్ సవరించిన చట్టం కింద కాపీరైట్ సొసైటీగా మళ్లీ రిజిస్టర్ అయింది. 2023లో మద్రాసు హైకోర్టులో మేధోసంపత్తికి ప్రత్యేక విభాగం పనిచేయడం మొదలైంది. హైదరాబాద్‌లో తీసే సినిమాల తగవులు కూడా చాలాకాలం మద్రాసు మెట్లే ఎక్కాయి, పాత లింక్ డాక్యుమెంట్లు అక్కడే ఉన్నాయి కనుక. వృత్తి పెరిగింది, ఫీజులు పెరిగాయి, కుర్రవాళ్లు బాగా చదువుకుని వస్తున్నారు. కానీ అగ్రిమెంటు ముసాయిదా ఇప్పటికీ డబ్బు పెట్టేవారి ఆఫీసు నుంచే వస్తుంది. పాట రాసినవాడు చివరి పేజీ చూసి సంతకం పెడతాడు.

ఒక సినిమాకు లెక్క వేసి చూద్దాం. విజయావారి ‘గుండమ్మ కథ’ 1962లో వచ్చింది. మూలం 1958 నాటి కన్నడ సినిమా ‘మనె తుంబిద హెణ్ణు’. మాటలు డి.వి. నరసరాజు, పాటలు పింగళి, సంగీతం ఘంటసాల. భూమిగా చూస్తే ఇది ఒకే సర్వే నంబరు. చట్టం కంటికి ఒకదాని మీద ఒకటి పేర్చిన అంతస్తులు, ఒక్కోదానికి ఒక్కో గడువు. సినిమా మీద కాపీరైట్ 60 ఏళ్లు నిండి 2022 డిసెంబరు 31తో ముగిసింది. సాహిత్యానికి గడువు రాసినవాడు పోయిన ఏడాది నుంచి లెక్క. నరసరాజు 2006లో పోయారు, ఆయన మాటలకు 2066 దాకా. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, సుప్రీంకోర్టు తీర్పుకు ఆరేళ్ల ముందే. ఆ పాటలకు సొంతదారు ఎవరైనా కానీ, గడువు మాత్రం నేటికీ పింగళి చావు తేదీ నుంచే లెక్క వేయాలి. అది 2031 డిసెంబరు 31.